ఎలిక్సిర్ అనే మాట, గ్రాంద్ షార్త్రూజ్ సన్యాసుల సీసా

మహిమ గల మందు అనే అర్థంలో వాడే "ఎలిక్సిర్" అనే పేరు పెట్టుకొని నేడు మార్కెట్లో అమ్ముడయ్యే సరుకులు చాలా ఉన్నాయి. ముఖానికి రాసుకొనే ద్రవాలకూ, తలకు పట్టించే నూనెలకూ కూడా ఆ పేరే తగిలిస్తున్నారు. ఆ పేరుకు నిజమైన హక్కుదారు అనదగిన సీసా మాత్రం నాకు తెలిసినంతలో ఒకటే కనిపిస్తుంది. ఫ్రాన్సు ఆగ్నేయ భాగంలో, గ్రెనోబుల్ నగరానికి ఉత్తరాన ఉన్న షార్త్రూజ్ కొండల్లో మౌనవ్రతంతో జీవించే కార్తూసియన్ క్రైస్తవ సన్యాసులు తయారుచేసే "ఎలిక్సిర్ వెజెతాల్" అది. వెజెతాల్ అంటే మొక్కలకు సంబంధించినది అని అర్థం. దీనిని కేవలం ఒక మత్తు పానీయంగా రుచి చూసి మార్కులు వేయడం సరికాదు. మందుగా, మాయగా, మద్యంగా వెయ్యేళ్లకు పైగా రూపాలు మార్చుకొంటూ వచ్చిన ఒక పదం తన మీద వేసుకున్న బరువును ఈ సీసా ఎంతవరకు మోయగలుగుతున్నదో చూడటమే దీనికి తగిన పరీక్ష.

మొదట సరుకు సంగతి. గుండ్రని చెక్క డబ్బీలో 100 మిల్లీలీటర్ల చిన్న గాజు సీసా ఉంటుంది. ఆ చెక్క తొడుగు అలంకారం కోసం పెట్టింది కాదు. మూలికల నుంచి వచ్చే రంగు వెలుతురు తగిలితే చెడిపోతుంది గనుక దానిని కాపాడటానికే పెట్టారు. లోపలి ద్రవం పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆకులు, పువ్వులు, వేళ్లు, బెరడులు, సుగంధ ద్రవ్యాలు అన్నీ కలిపి 130 రకాల మొక్కల సరుకు ఇందులో చేరుతుందని తయారీదారులు చెబుతారు. అవి ఏవో, ఏ పాళ్లలో కలుపుతారో మఠంలోని ఇద్దరు ముగ్గురు సన్యాసులకు తప్ప వేరెవరికీ తెలియదు. ఆల్కహాల్ 69 శాతం. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా కనిపించే అంకె 42.8 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇది గ్లాసులో పోసుకొని తాగే పదార్థం కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

దీనిని పుచ్చుకొనే పద్ధతి వేరు. చదరపు చక్కెర బిళ్ళ మీద కొన్ని చుక్కలు వేసి, అది కరిగే దాకా నోట్లో ఉంచుకోవాలి. లేదా వేడి నీళ్లలోనో, మూలికల తేనీటిలోనో నాలుగు చుక్కలు కలుపుకోవాలి. ఆయుర్వేద మందులు వాడిన ఇళ్లలో అనుపానం అనే మాట అందరికీ తెలిసిందే. మందు తీవ్రతను తట్టుకొనేలా, అది ఒంటికి పట్టేలా తేనెనో, నేతినో, పాలనో తోడిస్తారు. ఇక్కడ చక్కెర బిళ్ళ చేసే పని సరిగ్గా అదే. చుక్క నాలుకకు తగలగానే ముందు ఘాటు, దాని వెంటనే పుదీనాలో ఉండే చలువ, ఆపైన సోంపు, లవంగం, మరువం కలగలిసిన వాసన, చివరకు ఏదో వేరు తాలూకు చేదు వరుసగా వస్తాయి. ఆ చేదు చాలాసేపు నిలుస్తుంది. ఇవి నా నాలుకకు తోచిన పోలికలే తప్ప అందులో ఆ దినుసులే ఉన్నాయన్న వాదన కాదు. ఘాటు తగ్గాక కూడా వాసన గొంతులో, ముక్కులో విప్పారుతూనే ఉంటుంది. ఇంత కొద్ది ద్రవంలో ఇన్ని పొరలు ఒకదాని తరువాత ఒకటి విడివిడిగా తెలియడం నిజంగా గొప్ప పనితనం. అన్ని దినుసులను ఒకేసారి దంచి పోసిన వాసన ఇందులో ఎక్కడా రాదు.

ఇక పేరు సంగతి. తాగే మాయా పదార్థాలకు యూరప్ భాషల్లో ఉన్న మాటలన్నీ ఒకే చోట పుట్టినవి కావు. పోషన్ అనే మాట లాటిన్‌లో తాగడం అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చింది. విషానికి వాడే పాయిజన్ అనే మాట కూడా అక్కడి నుంచే వచ్చింది. ఒకే మాట రెండు దారుల్లో ఫ్రెంచి మీదుగా వచ్చి, ఒక దారిలో మందు, మరో దారిలో విషం అయింది. ఫిల్టర్ అని పలికే మరో మాట ఉంది. వడపోతకు సంబంధించిన మాటతో దీనికి చుట్టరికం లేదు. ప్రేమ అనే అర్థం గల గ్రీకు ధాతువు నుంచి పుట్టి, వలపు మందుకు పేరైంది. ఎలిక్సిర్ కథ వీటన్నిటికంటే విచిత్రమైనది. ఎందుకంటే ఆ మాట పుట్టినప్పుడు దానికి పానీయంతో ఏ సంబంధమూ లేదు సరికదా, తడితోనే సంబంధం లేదు.

గ్రీకు భాషలో "క్సేరోస్" అంటే ఎండినది. "క్సేరియోన్" అంటే పుండు ఆరడానికి దాని మీద చల్లే పొడి మందు. ఈ మాట అరబ్బీలోకి వెళ్లి "ఇక్సీర్" అయింది. అరబ్బీలో మాట ముందు చేర్చే "అల్" కలిసి "అల్ ఇక్సీర్" అయి, మధ్యయుగపు లాటిన్ అనువాదాల ద్వారా ఎలిక్సిర్‌గా యూరప్‌లో స్థిరపడింది. అరబ్బీ రసవాదుల చేతుల్లో ఆ పొడి పుండు మీద చల్లేది కాకుండా లోహం మీద చల్లేది అయింది. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ పేరుతో ప్రచారంలో ఉన్న గ్రంథాలలో ఈ ఆలోచన వివరంగా ఉంది. ప్రతి లోహంలోనూ వేడి, చలువ, తడి, పొడి అనే గుణాలు ఏదో ఒక పాళ్లలో ఉంటాయి, ఆ పాళ్లు సరిగ్గా కుదిరిన లోహం బంగారం, కుదరనివి సీసం, తగరం వంటి హీన లోహాలు, ఆ లోపాన్ని సరిచేసేదే ఇక్సీర్ అని వారు భావించారు. వాత పిత్త కఫాల పాళ్లు తప్పితే రోగమనే మన వైద్యుల ఆలోచన తెలిసినవారికి ఈ తర్కం పరాయిదిగా తోచదు. ఆ గ్రంథాలు ఖనిజాల నుంచే కాక మొక్కల నుంచి, జంతు పదార్థాల నుంచి కూడా ఇక్సీర్ తయారుచేయవచ్చని చెప్పాయి. మొక్కల ఎలిక్సిర్ అనే పేరుకు పునాది అంత పాతది.

లోహాన్ని రోగిగా భావించిన తరువాత, రోగి అయిన మనిషికి కూడా అదే మందు పనిచేయాలి కదా అన్న ఊహ రావడానికి ఎంతోకాలం పట్టలేదు. పదమూడో శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన రోజర్ బేకన్, హీన లోహంలోని మాలిన్యాన్ని తొలగించే మందు మనిషి శరీరంలోని క్షయాన్ని కూడా తొలగించి ఆయుష్షును పొడిగించగలదని రాశాడు. అయినా అప్పటికి ఎలిక్సిర్ ప్రధానంగా పొడిగానో, రాయిగానో ఉంది. పద్నాలుగో శతాబ్దం చివర ఆంగ్ల కవి చాసర్ కూడా పరుసవేది రాయికే ఎలిక్సిర్ అని పేరని రాశాడు. దానిని ద్రవంగా మార్చింది స్వేదన విద్య. సారాను మళ్లీ మళ్లీ బట్టీ పట్టి బలమైన ఆల్కహాల్ తీయడం యూరప్ వైద్యులకు పట్టుబడ్డాక, ఆ మండే నీటికి వారు జీవజలం అని పేరు పెట్టారు. రుపెసిస్సాకు చెందిన జాన్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, ఆ నీటిలో వేసిన మాంసం కుళ్లిపోకపోవడం చూపి, కుళ్లును ఆపేది మనిషి శరీరాన్ని కూడా క్షయం నుంచి కాపాడగలదని వాదించాడు. మూలికల సారాన్ని తనలోకి లాక్కొని నిలబెట్టుకోవడంలో ఆల్కహాల్ చాలా సమర్థమైన ద్రవం. పొడి మందు పేరు పానీయానికి బదిలీ కావడానికి కారణం నా దృష్టిలో ఇదే. మాయ అనే భావన మారలేదు. దానిని మోసే పదార్థం మాత్రమే మారింది.

ఈ నేపథ్యం తెలిసి చూస్తే షార్త్రూజ్ సీసా చరిత్ర ఎంత సహజంగా అమరుతుందో గమనించవచ్చు. కార్తూసియన్ సంఘాన్ని బ్రూనో అనే సాధువు 1084లో ఆ కొండల్లోనే స్థాపించాడు. తరువాతి కాలంలో ఫ్రాన్సు మార్షల్ అయిన ఫ్రాన్స్వా అనిబాల్ దెస్త్రే 1605లో ప్యారిస్ దగ్గరి వోవేర్ మఠంలోని ఆ సంఘ సన్యాసులకు ఒక రాతప్రతిని ఇచ్చాడు. అది దీర్ఘాయువునిచ్చే ఎలిక్సిర్ తయారీ విధానం. అప్పటికే పాతబడిన ఆ ప్రతి చాలా చిక్కుగా ఉండటంతో దాదాపు శతాబ్దంపాటు దానిని ఎవరూ పూర్తిగా ఆచరణలో పెట్టలేకపోయారు. పద్దెనిమిదో శతాబ్దంలో అది కొండల్లోని గ్రాంద్ షార్త్రూజ్ అనే ప్రధాన మఠానికి చేరాక, అక్కడ మందులు తయారుచేసే బ్రదర్ జెరోమ్ మోబెక్ దానిని పట్టుదలతో సాధించాడు. ఆ మందును బ్రదర్ చార్ల్స్ అనే సన్యాసి కంచరగాడిద మీద వేసుకొని గ్రెనోబుల్, షాంబెరీ పట్టణాలకు తీసుకువెళ్లి అమ్మేవాడు. నేడు మనం కొనే ఎలిక్సిర్ వెజెతాల్ ఆ మందే.

ఫ్రెంచి విప్లవ కాలంలో సన్యాసులు చెదిరిపోయారు. రహస్య ఔషధాల విధానాలన్నీ ప్రభుత్వానికి సమర్పించాలని నెపోలియన్ 1810లో ఆజ్ఞాపించినప్పుడు, ఈ రాతప్రతిని అప్పటికి తన దగ్గర ఉంచుకున్న గ్రెనోబుల్ ఔషధ వ్యాపారి దానిని పంపగా, తిరస్కరించినట్లు రాసి వెనక్కి పంపారు. ఆ తిరస్కారమే దానిని మఠం సొత్తుగా కాపాడింది. ఆ తరువాత 1903లో ఫ్రెంచి ప్రభుత్వం సన్యాసులను దేశం నుంచి పంపివేస్తే వారు స్పెయిన్‌లోని తర్రగోనాలో తయారీ కొనసాగించారు. షార్త్రూజ్ కొండల్లోని ఫూర్వ్వారీ దగ్గర మళ్లీ సన్యాసుల చేతికి వచ్చిన బట్టీ 1935లో కొండచరియ విరిగిపడి నాశనమైంది. పని వ్వారోఁ పట్టణానికి, అక్కడి నుంచి ఇటీవల ఎగ్‌న్వార్‌కు మారింది. ఇన్ని మార్పుల మధ్య ఒక మందు తన పేరునూ, తయారీ క్రమాన్నీ నిలుపుకోవడం నాకు ఈ సీసాలో అన్నిటికంటే విలువైన విషయంగా కనిపిస్తుంది.

అయితే పేరు న్యాయంగా వాడారా అన్న ప్రశ్నకు చరిత్ర ఒక్కటే జవాబు కాదు. రసవాదం వెనకబడి ఔషధశాస్త్రం ముందుకు వచ్చాక ఎలిక్సిర్ అనే మాటకు ఒక కచ్చితమైన, మాయ లేని అర్థం స్థిరపడింది. మందును ఆల్కహాల్ కలిసిన నీటిలో కరిగించి, తీపి కలిపి, తాగడానికి అనువుగా చేసిన తేట ద్రవాన్ని ఔషధ తయారీదారులు ఎలిక్సిర్ అంటారు. ఈ అర్థం ఎంత గట్టిదో 1937లో అమెరికాలో జరిగిన ఘోరం చెబుతుంది. మాసెంగిల్ అనే కంపెనీ, బ్యాక్టీరియా జబ్బులకు వాడే సల్ఫానిలమైడ్ మందును డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థంలో కరిగించి, పండు రుచి చేర్చి, ఎలిక్సిర్ పేరుతో అమ్మింది. వందమందికి పైగా చనిపోయారు, వారిలో సుమారు మూడో వంతు పిల్లలు. విషం అమ్మినందుకు ఆ మందును స్వాధీనం చేసుకొనే అధికారం నాటి చట్టంలో ప్రభుత్వానికి లేదు. ఎలిక్సిర్ అంటే ఆల్కహాల్ ఉండాలి, ఇందులో ఆల్కహాల్ లేదు, కాబట్టి పేరు తప్పు అన్న ఒక్క కారణం మీదనే అధికారులు సీసాలను వెనక్కి తీసుకోగలిగారు. మందు సురక్షితమని ముందే రుజువు చేయాలన్న చట్టం మరుసటి ఏడాది, 1938లో వచ్చింది. అదే విషపదార్థం కలిసిన దగ్గు మందులు మన దేశంలోనూ పసిపిల్లల ప్రాణాలు తీశాయి. ఒక పేరును సరుకు మీద ముద్రించేటప్పుడు దాని అర్థానికి కట్టుబడి ఉండటం ఎంత ముఖ్యమో ఇంతకంటే చెప్పనవసరం లేదు. ఈ కొలతతో చూస్తే షార్త్రూజ్ సీసా పూర్తిగా నిజాయితీ గలది. ఆల్కహాల్ ఉంది, తీపి ఉంది, మూలికల సారం ఉంది, తేటగా ఉంది. ముఖం మీద రాసుకొనే ద్రవాలకు ఆ మాటను వాడేవారికి ఈ సమర్థన దొరకదు.

తెలుగు పాఠకుడికి ఈ సీసా మరో రకంగా ఆసక్తికరం. మన రసాయనం అనే మాట ఎలిక్సిర్‌కు ఎదురు దిక్కుగా నడిచింది. ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో ఒకటైన రసాయనం ముసలితనాన్ని వెనక్కి నెట్టి, ఒంటికి పుష్టినిచ్చే చికిత్స. చ్యవన మహర్షి పేరు మీద వచ్చిన చ్యవనప్రాశ అందులో అందరికీ తెలిసినది. అది పానీయం కాదు, లేహ్యం. రస అనే మాటకు సారమనీ, పాదరసమనీ రెండు అర్థాలూ ఉండటంతో అది లోహ విద్యలోకి కూడా వెళ్లింది. నేడు తెలుగులో రసాయనం అంటే ఆయుష్షు గుర్తుకు రాదు, రసాయన శాస్త్రం, రసాయన ఎరువులు గుర్తుకు వస్తాయి. ఎలిక్సిర్ రసవాదుల లోహ విద్య మీదుగా మందు సీసాలోకి వచ్చి చేరితే, రసాయనం మందు నుంచి బయలుదేరి ప్రయోగశాలకు చేరింది. తాకగానే ఇనుమును బంగారం చేసే పరుసవేది కథలు మాత్రం మన దగ్గర వేమన పేరుతో కలిసి ఇప్పటికీ జీవించి ఉన్నాయి. అరబ్బీ ఇక్సీర్‌కు అర్థంలో సరిగ్గా జత కలిసే తెలుగు మాట అమృతం కాదు, పరుసవేదే.

తయారీ పరంగా మన వైద్యంలో దీనికి దగ్గరగా ఉండేవి ఆసవాలు, అరిష్టాలు. ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం చాలా తెలుగు ఇళ్లలో వాడినవే. మూలికల కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వులు వేసి పులియబెడితే అందులో ఆల్కహాల్ తనంతట తానే పుట్టి మందును నిలవ ఉంచుతుంది. అది సుమారు 5 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. సన్యాసుల మందులో పులియబెట్టడం లేదు. మొక్కలను నేరుగా బలమైన ఆల్కహాల్‌లో నానబెట్టి, బట్టీ పట్టి సారం తీస్తారు. అందుకే అరిష్టంలో ఉండే పులుపు, ముదురు రంగు ఇక్కడ లేవు. అరిష్టం అలవాటైన నాలుకకు ఈ మందు ముందు చాలా పలచగా తోచి, క్షణంలోనే చాలా తీవ్రంగా తోస్తుంది.

ఈ సీసా ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు అన్నది స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఆయుష్షు పెరుగుతుందనో, ఫలానా జబ్బు తగ్గుతుందనో నమ్మి దీనిని కొనకూడదు. దీర్ఘాయువు అన్న మాట పాత రాతప్రతి శీర్షికకు చెందినది, దానిని అక్కడే ఉంచాలి. 130 దినుసుల జాబితా రహస్యం కావడం సంప్రదాయంగా ఆకర్షణీయమే గాని, ఆరోగ్య దృష్టితో చూస్తే అదే దీని పెద్ద లోపం. ఏ మొక్క పడదో తెలిసినవారికి అది ఇందులో ఉందో లేదో తెలుసుకొనే మార్గం లేదు. రోజూ మందులు వాడేవారు వైద్యుణ్ని అడిగినా, లోపల ఏముందో తెలియని పదార్థం గురించి ఆయన చెప్పగలిగింది తక్కువే. గర్భిణులు, పిల్లలు, కాలేయ సమస్యలు ఉన్నవారు, మద్యం మానుకున్నవారు చుక్క కూడా ముట్టకూడదు. చుక్కల మోతాదు అనగానే మద్యం కాదని భావించడం పొరపాటు. మూలికల రుచులను ఓపికగా గమనించే అలవాటు ఉన్నవారికి, ఔషధాల చరిత్ర మీద ప్రేమ ఉన్నవారికి మాత్రం ఇంత చిన్న సీసాలో ఇంత విషయం మరెక్కడా దొరకదు. పరిమాణంతో పోల్చి చూస్తే ధర ఎక్కువే. కాని చుక్కల లెక్కన వాడే పదార్థం గనుక చాలాకాలం వస్తుంది.

తాగడానికే కావాలనుకొనేవారికి అదే మఠం నుంచి వచ్చే ఆకుపచ్చ షార్త్రూజ్, పసుపు షార్త్రూజ్ ఉన్నాయి. ఈ ఎలిక్సిర్ ఆధారంగానే 1840లో వాటిని రూపొందించారు. ఆకుపచ్చది 55 శాతం, పసుపుది 43 శాతం. రుచిలో అవి మృదువైనవి, తియ్యనివి, భోజనం తరువాత గ్లాసులో పోసుకోదగినవి. పానీయంగా ఆకుపచ్చదే మేలు. పదానికి నిలువెత్తు సాక్ష్యంగా చూస్తే ఎలిక్సిర్ వెజెతాల్‌కు అది సాటిరాదు. ప్రార్థనకూ ఏకాంతానికీ సమయం తగ్గకూడదని సన్యాసులు ఉత్పత్తిని పెంచకుండా పరిమితం చేసుకున్నారు. ఆ సంగతి 2023లో బయటికి తెలిశాక ఆకుపచ్చ సీసాలు చాలా దేశాల్లో దొరకడం కష్టమైంది. గిరాకీ ఎంత ఉంటే అంత తయారుచేయబోమని ఒక తయారీదారు నిలబడటం ఈ కాలంలో అరుదు, నేను దానిని గౌరవిస్తాను.

ఫ్రాన్సులో చదువుకొనే, ఉద్యోగం చేసే తెలుగువారు గ్రెనోబుల్ వైపు వెళ్లినప్పుడు వ్వారోఁలోని షార్త్రూజ్ నేలమాళిగలను చూసి, అక్కడే దీనిని కొనుక్కోవచ్చు. ఇంటికి తీసుకురావాలనుకుంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. విమానాల్లో 70 శాతానికి మించిన ఆల్కహాల్ పానీయాలను అసలు అనుమతించరు. ఈ సీసా 69 శాతంతో ఆ హద్దుకు లోపలే ఉంది గనుక, మూత తీయకుండా, కొన్న ప్యాకింగ్‌తోనే చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చు. తెరిచిన తరువాత కూడా సీసాను చెక్క డబ్బీలోనే, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచాలి.